తివాచీని తిరగేసి ఎందుకు చూడాలి?

మిర్యాలగూడలో మా అక్క కొత్త ఇల్లు కట్టుకుంది. హాలంతా నల్ల గ్రానైటు వేయించింది. మాఘమాసంలో గృహప్రవేశం. టెంట్ హౌస్ వాళ్ళు తెచ్చి పరిచిన ఎర్ర కార్పెట్ అంచున, ఏడో తరగతి చదివే మేనకోడలు ఒక కాలు కార్పెట్ మీద, ఒక కాలు బండ మీద పెట్టి నిలబడింది. కాసేపటికి కాళ్ళు మార్చుకుని మళ్ళీ నిలబడింది.

"మామా, ఈ కాలుకు వెచ్చగున్నది, ఆ కాలుకు సల్లగున్నది. గది ఒక్కటే గదా, ఎందుకట్ల?"

నేను నోరు తెరిచేలోపే అక్క తన ప్రశ్న కలిపింది. "దానికి తర్వాత చెప్పురా. హాల్లోకి ఒక మంచి తివాచీ కొనాలె. ఏది కొనాల్నో ముందు అది చెప్పు."

అక్కకు తొందర ఎక్కువ. కానీ పిల్ల ప్రశ్నకు జవాబు తెలిస్తే అక్క ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. అందుకని పిల్ల ప్రశ్న నుంచే మొదలుపెడతాను.

బస్టాండు దగ్గర చాయ్ తాగినవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. చాయ్ స్టీలు గ్లాసులో పోస్తే చేతులు మార్చుకుంటూ పట్టుకోవాలి. అదే చాయ్ మట్టి కప్పులో పోస్తే నిమ్మళంగా పట్టుకోవచ్చు. చాయ్ వేడి రెంటిలోనూ ఒకటే. స్టీలు ఆ వేడిని గబగబా వేళ్ళకు అందిస్తుంది, మట్టి నిదానంగా అందిస్తుంది. అట్లకాడకు కర్ర పిడి ఎందుకు పెడతారో దీంతో తెలిసిపోతుంది.

ఇప్పుడు ఇదే లెక్కను తిరగేద్దాం. చాయ్ వేడి గ్లాసులోంచి మనలోకి వస్తుంది. చల్లని బండ మీద నిలబడితే మన కాలి వేడి బండలోకి పోతుంది. మన చర్మం మామూలుగా 33 డిగ్రీల దగ్గర ఉంటుంది. చలికాలం పొద్దున గది 22 డిగ్రీలు ఉందనుకోండి. రాత్రంతా ఆ గదిలోనే పడి ఉన్నాయి కనుక గ్రానైటూ 22 డిగ్రీలే, కార్పెట్టూ 22 డిగ్రీలే. థర్మామీటరు పెట్టి చూస్తే తేడా కనిపించదు. కానీ మన కాలు థర్మామీటరులా పనిచేయదు. తన వేడి ఎంత తొందరగా పోతోందన్నదే దానికి తెలుస్తుంది. గ్రానైటు వేడిని ఉన్ని కంటే ఎన్నో రెట్ల జోరుతో లాగేసుకుంటుంది. అందుకే బండ మీది కాలికి 'సల్లగున్నది'.

మరి తివాచీ ఎందుకు లాక్కోదు? దానిలో పోగుల మధ్య గాలి చిక్కుకుని ఉంటుంది. కదలకుండా నిలిచిపోయిన గాలిలోంచి వేడి చాలా మెల్లగా నడుస్తుంది. బొంత వెచ్చగా ఉండటానికీ, గొంగడి కప్పుకుంటే చలి ఆగటానికీ కారణం ఇదే. తివాచీ అంటే నేల మీద పరిచిన గాలి పొర, దాన్ని పట్టి ఉంచే పోగులు. ఇది గుర్తుపెట్టుకుంటే అక్క ప్రశ్నలోకి దిగవచ్చు.

తివాచీ పుట్టింది చలిలో. ఇప్పటివరకు చెక్కుచెదరకుండా దొరికిన ముడుల తివాచీల్లో అన్నిటికంటే పాతది 1949లో సైబీరియాలోని ఆల్టాయ్ కొండల్లో, పాజిరిక్ అనేచోట మంచు గడ్డకట్టిన ఒక సమాధిలో బయటపడింది. వయసు సుమారు 2,400 ఏళ్ళు. ఇంటింటా చలితో పోరాడే ఆ ప్రాంతాల్లో నేలను కప్పేయడం అవసరం. మనకో? మే నెలలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నిప్పుల కుంపట్లే. ఆ ఎండలో మధ్యాహ్నం అన్నం తిని, బండ మీద తలకింద తువ్వాలు పెట్టుకుని ఒరిగితే ఎంత హాయో మనకు తెలుసు. ఒంటి వేడిని లాగేసుకునే గుణం వల్లే ఆ హాయి. చలికాలంలో ఇబ్బంది అనిపించిన గుణమే ఎండాకాలంలో మనకు కూలరు. దాని మీద పొద్దస్తమానం గాలి పొర పరిచి, పైన ఏసీ వేసుకోవడం నా మటుకు నాకు తెలివైన పనిగా తోచదు.

కనుక మొదటి మాట: గోడ నుంచి గోడ దాకా అతికించే కార్పెట్ మన ఊళ్ళకు నప్పదు. చుట్టి అటక మీద పెట్టడానికి, దులపడానికి, ఎండలో వేయడానికి వీలైనదే కొనాలి.

రెండో మాట దుమ్ము గురించి. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు. కోత రోజుల్లో ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరితే ఊక, నుసి గాలిలో తేలుతూనే ఉంటాయి. కోదాడ, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపురాయి గనులు. సూర్యాపేట, కోదాడల గుండా హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి 65 పోతుంది. కిటికీ ఎంత మూసినా సాయంత్రానికి టీవీ మీద వేలితో పేరు రాయవచ్చు.

దుమ్ము తివాచీని మురికి చేస్తుందని అందరికీ తెలుసు. అది తివాచీని కోస్తుందని మాత్రం చాలామందికి తెలియదు. ఇసుక రేణువును భూతద్దం కింద చూస్తే గాజు పెంకులా అంచులు తేలి కనిపిస్తుంది. అడుగు పడినప్పుడల్లా ఆ రేణువు పోగుల మధ్యగా కిందికి దిగుతుంది. అడుగున చేరాక పైకి కనిపించదు, మామూలు చీపురుకు అందదు. మనం నడిచినప్పుడల్లా అక్కడే అటూ ఇటూ కదులుతూ పోగు మొదళ్ళను గరుకు కాగితంలా రాస్తుంది. నాలుగైదేళ్ళకు నడిచే దారి మేర పోగు పలచబడిపోతే "నాసిరకం అంటగట్టాడు" అని కొట్టువాణ్ణి తిడతాం. చాలాసార్లు ఆ పాపం దుమ్ముది. మందపాటి బొచ్చు తివాచీని నెలకోసారి బోర్లా వేసి, వీపు మీద బెత్తంతో తట్టాలని పెద్దవాళ్ళు చెప్పేది ఇందుకే. బోర్లా వేస్తే రేణువు దిగిన దారినే బయటికి రాలుతుంది.

ఇక్కడే తివాచీలు రెండు కులాలుగా విడిపోతాయి. బొచ్చు ఉన్నవి, లేనివి. బొచ్చు లేనిదాన్ని మనం జంఖానా అంటాం, జంపఖానా అంటాం, షత్రంజీ అంటాం, ఉత్తరాది వాళ్ళు దరీ అంటారు. మగ్గం మీద నిలువుగా కట్టిన దారాలు పడుగు, వాటి మధ్య అటూ ఇటూ పోయేది పేక. జంఖానాలో మందపాటి నూలు పేకను పడుగు కనిపించకుండా దట్టంగా కొడతారు. రంగు మారే చోట రెండు పేకలను ఒకదానితో ఒకటి మెలివేస్తారు. అందువల్ల బొమ్మ రెండు వైపులా ఒకేలా వస్తుంది. ఒకవైపు మాసితే తిరగేసుకోవచ్చు. దుమ్ము దాక్కోవడానికి లోతు ఉండదు. రెండు దులుపులకు పోతుంది, బకెట్లో నానబెట్టి ఉతకవచ్చు.

దీనికోసం దూరదేశాలు పోనక్కర్లేదు. సూర్యాపేట నుంచి జనగామ మీదుగా వరంగల్ చేరితే అక్కడ కొత్తవాడలో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. మొగలు సైన్యాలతో దక్కను వచ్చిన నేతగాళ్ళు అక్కడ నిలిచిపోయారని చెబుతారు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్ళాయి. ఆ రోజుల్లో అక్కడ పట్టుతో, ఉన్నితో బొచ్చు తివాచీలు కూడా నేసేవారు. ఇప్పుడు ఎక్కువగా నేస్తున్నది నూలు జంఖానాలే. వాటి మీద కలంకారీ అచ్చులు వేసే పద్ధతీ ఉంది. వరంగల్ జంఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఇంకోచోట మరతో నేసినదానికి 'వరంగల్' పేరు పెట్టి అమ్మడం తప్పు.

బొచ్చు తివాచీ పని వేరు. పడుగు దారాల చుట్టూ చిన్న ఉన్ని పోగును ముడివేసి కత్తిరిస్తారు. వరుస ముడులు పూర్తయ్యాక పేక పోసి దువ్వెనలాంటి పనిముట్టుతో గట్టిగా కొడతారు. మళ్ళీ ముడులు. ఇలా ముడికి ముడి పేర్చుకుంటూ పోతే పైకి లేచిన కొసలన్నీ కలిసి బొచ్చవుతాయి. కోదాడ దాటి విజయవాడ మీదుగా పోతే వచ్చే ఏలూరు ఈ పనికే పేరు పడింది. పారశీక దేశం నుంచి వచ్చిన పనివాళ్ళు మచిలీపట్నం, ఏలూరు ప్రాంతాల్లో స్థిరపడి నేర్పిన విద్య ఇది. సముద్రం మీదుగా మన తివాచీలు ఎంత దూరం పోయాయంటే, జపాన్‌లో క్యోటో నగరం ఏటా జూలైలో జరుపుకునే గియోన్ ఉత్సవపు రథాలకు అలంకరించే పాత తివాచీల్లో దక్కనువి ఉన్నాయి. అక్కడ వాటిని నేల మీద వేయరు, రథానికి వేలాడదీస్తారు. వాటి మన్నికకు అది కూడా ఒక కారణమే కావచ్చు!

ఇప్పుడు శీర్షికలోని ప్రశ్న. కొట్లో అందరం తివాచీ ముఖం చూస్తాం. ముఖం మీద అన్నీ అందంగానే ఉంటాయి. నిజం వీపు మీద ఉంటుంది.

తిరగేసినప్పుడు ముందువైపు బొమ్మ వెనకవైపు కూడా రంగురంగుల చుక్కలుగా స్పష్టంగా కనిపించి, వరుసలు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటే అది చేతి ముడులది. అంచున వేలాడే కుచ్చులు పడుగు దారాల కొసలే అయి ఉంటాయి. లాగి చూస్తే అవి తివాచీ లోపలికి పోతున్నట్టు తెలుస్తుంది. మర మీద నేసినదైతే వెనక వరుసలు గీత గీసినట్టు ఉంటాయి, కుచ్చులు అంచుకు విడిగా కుట్టి ఉంటాయి. మూడో రకం వీపంతా ఒక గుడ్డ అతికించి ఉంటుంది. బొమ్మ అసలు కనిపించదు. దీన్ని టఫ్టెడ్ అంటారు. బిగించి కట్టిన బట్టలోకి తుపాకీలాంటి పనిముట్టుతో ఉన్ని దారాన్ని పొడుచుకుంటూ పోతారు. ముడి ఉండదు. ఊడిపోకుండా వెనక రబ్బరు పాల జిగురు పూసి, పైన గుడ్డ కప్పేస్తారు. పొడిచేది మనిషే కనుక 'చేత్తో చేసింది' అని అమ్మినా అబద్ధమాడినట్టు కాదు. కానీ చేతి ముడులది కాదు.

ఈ తేడా నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ కిందట నగరంలో ఒక కొట్లో 'హ్యాండ్‌మేడ్' అన్న మాట విని, వీపు చూడకుండా ఒకటి తెచ్చాను. ఐదో ఎండాకాలానికి ఎత్తినప్పుడల్లా కింద పసుపుపచ్చ పొడి రాలడం మొదలైంది. రబ్బరు వాసన వేరే. వేడికీ గాలికీ జిగురు ఎండి, పెళుసై, నుసి అయిపోయిందన్నమాట. జిగురు పోయాక పోగులను పట్టుకునేది ఏముంది? చిన్నపిల్లలు పీకితే వచ్చేశాయి. టఫ్టెడ్ కొనకూడదని అనను. ధర తక్కువ, మెత్తగా ఉంటుంది. కొన్నేళ్ళ వస్తువని తెలిసి, ఆ ధరకే కొంటే బాధ లేదు. ముడుల తివాచీ ధర పెట్టి కొంటేనే బాధ.

ముడుల తివాచీకి అంత ధర ఎందుకు? లెక్క కడదాం. వీపు మీద స్కేలు పెట్టి ఒక అంగుళంలో అడ్డంగా పది, నిలువుగా పది ముడులు ఉన్నాయనుకోండి. చదరపు అంగుళానికి వంద. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు అంటే 72 అంగుళాలు, 48 అంగుళాలు, మొత్తం 3,456 చదరపు అంగుళాలు. ముడులు 3,45,600. ఒక మనిషి రోజుకు ఏడు వేల ముడులు వేస్తాడనుకున్నా దాదాపు యాభై రోజుల కూలి అది. ఉన్ని, రంగు, కడుగు, కత్తిరింపు ఇంకా కలపలేదు. ఇంత పని ఉన్నదాన్ని వీధిలో బండి మీద వచ్చి మూడు వేలకు ఇస్తానంటే అది ముడులది అయ్యే అవకాశం లేదు. అయితే ముడులు ఎక్కువైనకొద్దీ గొప్పదనీ అనుకోకూడదు. సన్నని పూలు, తీగలు రావాలంటే ముడులు దగ్గరగా కావాలి. పెద్ద పెద్ద గడుల నమూనాకు అక్కర్లేదు. మంచి ఉన్నితో వదులుగా వేసినది, నాసి ఉన్నితో బిగుతుగా వేసినదానికంటే ఎక్కువ కాలం ఉంటుంది.

ఈ లెక్క చెబుతుంటే మేనకోడలు "చిన్నపిల్లలతోని చేయిస్తరంట గదా మామా" అంది. బళ్ళో టీచరు చెప్పారట. నిజమే, ఉత్తరప్రదేశ్‌లోని భదోహి, మీర్జాపూర్ తివాచీ ప్రాంతంలో పిల్లలను మగ్గాల దగ్గర కూర్చోబెట్టేవారు. చిన్న వేళ్ళకు సన్న ముడి బాగా వస్తుందని ఒక సాకు కూడా చెప్పేవారు. దాని మీద పోరాడిన వారిలో, 2014లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న కైలాశ్ సత్యార్థి ఒకరు. పిల్లల చేతి పని లేదని తనిఖీ చేసి ఇచ్చే 'రగ్‌మార్క్' గుర్తు 1994లో మొదలైంది. ఇప్పుడు దాని పేరు 'గుడ్‌వీవ్'. కొనేటప్పుడు ఆ చీటీ ఉందా అని అడగడం మన పని. అడిగేవాళ్ళు ఉంటేనే కొట్టువాడు తెచ్చి పెడతాడు.

ఇక పోగు. ఉన్ని గురించి మనకు కొత్తగా చెప్పేదేముంది, గొర్రెల కాపరి భుజం మీది గొంగడిని చూస్తే చాలు. సన్న తుంపర పడితే నీళ్ళు గొంగడి మీద పూసల్లా జారిపోతాయి. ఉన్ని పోగుకు పుట్టుకతోనే పలచని జిడ్డు ఉంటుంది. ఆ జిడ్డు వల్లే చాయ్ ఒలికినా ఉన్ని తివాచీ వెంటనే పీల్చుకోదు, గుడ్డ తెచ్చి అద్దే వ్యవధి ఇస్తుంది. పైగా ఉన్ని పోగు వంకీలు తిరిగి ఉంటుంది. సోఫా కాలు నొక్కినా స్ప్రింగులా మళ్ళీ లేస్తుంది. నిప్పురవ్వ పడితే మండకుండా మాడి ఆగిపోతుంది. దోషాలూ ఉన్నాయి. చీకట్లో కదలకుండా ఉంచితే చిమ్మెటలు తింటాయి, కొత్తలో కొన్ని నెలలు నూగు రాలుతుంది. మన దక్కని గొర్రె ఉన్ని గరుకు, కానీ గట్టిది. మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు గొర్రెలు పెరిగాక ఆ ఉన్నికీ, గొంగడి నేసేవాళ్ళకూ రోజులు కుదించుకుపోయాయి.

నూలు నీళ్ళు పీలుస్తుంది, తొందరగా మాస్తుంది, కానీ ఎన్నిసార్లయినా ఉతుకు తట్టుకుంటుంది. పాలీప్రొపిలీన్ అనేది ప్లాస్టిక్ పోగు. బియ్యం సంచీ దేనితో చేస్తారో దానితోనే. నీళ్ళ మరకలు అంటవు, చవక. నూనె మరక మాత్రం వదలదు. అగరుబత్తి నుసి ఎర్రగా రాలితే కరిగి గుంట పడుతుంది. పూజగది ముందు వేసేవాళ్ళు ఇది తెలుసుకోవాలి. జనపనార చూడముచ్చటగా ఉంటుంది, తడి తగిలితే పసుపు మచ్చలు తేలుతాయి. రోజూ తడిగుడ్డ పెట్టి తుడిచే మన ఇళ్ళల్లో దానికి ఆయుష్షు తక్కువ. 'ఆర్ట్ సిల్క్', 'బాంబూ సిల్క్' అని మెరిసేవి చాలావరకు విస్కోస్. తడిస్తే బలం పోతుంది. పట్టు ధర పెట్టవద్దు.

ఏ పోగో నమ్మకం కుదరకపోతే అంచున ఒక చిన్న పోగు తీసి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగిలితే ఉన్ని. కాగితం కాలిన వాసనైతే నూలో, జనపనారో, విస్కోసో. కరిగి గట్టి పూస కడితే ప్లాస్టిక్. కొట్టువాడు ఒప్పుకోకపోతే బలవంతం వద్దు, ఆ సంకోచాన్ని గుర్తుపెట్టుకోండి. రంగు పరీక్షకు ఇంకా తేలిక. తెల్ల చేతిరుమాలు తడిపి ముదురు రంగు మీద ఓ నిమిషం రుద్దండి. రుమాలు ఎర్రబడితే రేపు మీ గ్రానైటు కాకపోయినా మీ పంచె ఎర్రబడుతుంది.

ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళు ఉంటే బొచ్చు తివాచీ జోలికి పోకపోవడమే మేలు. మన చర్మం నుంచి రాలే పొట్టును తిని బతికే కంటికి కనిపించని ధూళి పురుగులు బొచ్చు మొదట్లో కాపురం పెడతాయి. ముసలివాళ్ళు ఉంటే ఇంకో జాగ్రత్త. నున్నని గ్రానైటు మీద జంఖానా జారుతుంది. దాని కింద వేసే రబ్బరు వల మీటర్ల లెక్కన అమ్ముతారు, అది తప్పకుండా కొనాలి. కొలత కోసం కొట్టుకు పోకముందే హాల్లో పాత పేపర్లు తివాచీ అంత మేర పరిచి రెండు రోజులు చూడండి. సోఫా ముందు కాళ్ళయినా దాని మీదికి రావాలి. తలుపు తెరిచినప్పుడు కింద ఎంత సందు ఉందో కూడా చూడండి. మా బంధువుల ఇంట్లో కొత్త తివాచీ వేశాక తలుపు సగానికే తెరుచుకుని, చివరికి వడ్రంగిని పిలవాల్సి వచ్చింది.

చివరికి మా అక్క హాలుకు నేను చెప్పింది ఇదే: నడిచేచోట నూలు జంఖానా, కింద రబ్బరు వల. చలికాలానికి పడకగదిలో మంచం పక్కన చిన్న ఉన్ని తివాచీ ఒకటి చాలు. అక్కడికి చెప్పుల కాళ్ళు రావు. మిల్లుల నుసి ఊళ్ళో హాలు నిండా ఉన్ని బొచ్చు పరచడమంటే దుమ్ముకు పరుపు వేసినట్టు.

అక్క మొదట ముఖం చిట్లించింది, 'జంఖానా అంటే పెళ్ళిళ్ళల్లో బంతి భోజనాలకు వేసేది గదా' అని. వరంగల్ పోయి నీలం, తెలుపు గడులది ఒకటి చూశాక మాట మార్చింది. తిరగేసి చూసింది మాత్రం మేనకోడలే. తెల్ల రుమాలు కూడా అదే తీసుకుపోయింది. ఉగాది వెళ్ళాక ఆ జంఖానాను ఉతికి, మేడ మీద ఆరేసి, చుట్టి అటక ఎక్కించారు. ఇప్పుడు మధ్యాహ్నాలు అందరూ బండ మీదే పడుకుంటున్నారు.